మాంసపు డబ్బా, దాని మీది వ్రాత

కౌటిల్యుని అర్థశాస్త్రమున సూనాధ్యక్షుడను అధికారి కలడు. సూన యనగా వధశాల. ఆ అధికారి విధులను చెప్పు ప్రకరణమున మాంసవిక్రయమును గూర్చి కొన్ని నియమములు కనబడును. అప్పుడే చంపిన జంతువు మాంసమును ఎముక తీసి అమ్మవలెను. ఎముకతో అమ్మినచో ఆ ఎముకకు సరిపోవు మాంసమును అదనముగా ఇయ్యవలెను. తూకమున తగ్గించినవాడు తగ్గించినదానికి ఎనిమిది రెట్లు చెల్లించవలెను. వధశాలకు వెలుపల చంపినది, తలయు కాళ్ళును ఎముకలును లేనిది, దుర్గంధము గలది, తనంతట తాను చచ్చినది అమ్మరాదు. అమ్మినచో పండ్రెండు పణముల దండుగ.

తల, కాళ్ళు లేనిదానిని ఏల నిషేధించిరని యడుగవచ్చును. వాని వలన అది ఏ జంతువో కొనువాడు గుర్తింపగలడు గనుక అని మేము అనుకొనుచున్నాము. నేటికిని మన ఊళ్ళలో కొనువాడు వ్రేలాడు మాంసమును తేరిపార చూచి, తోక చూచి, మేకయో గొఱ్ఱెయో తేల్చుకొనును. కసాయి ఎదుటనే యుండును. మాట తేడా వచ్చినచో మరునాడు అతనినే నిలదీయవచ్చును. ఆహారపరిశుభ్రతను గూర్చిన చట్టములకన్న ముందు మనుష్యులకున్న రక్షణ ఈ ముఖాముఖియే.

ఈ ముఖాముఖి చెడినది డబ్బా వచ్చిన తరువాత. నికొలాసు అప్పేరు అను ఫ్రెంచి వంటవాడు ఆహారమును సీసాలలో పెట్టి, గాలి చొరకుండ బిరడా బిగించి, మరగునీటిలో ఉంచి నిలువచేయు పద్ధతిని కనుగొని, 1810లో ఫ్రెంచి ప్రభుత్వమునుండి పండ్రెండువేల ఫ్రాంకుల బహుమానము పొందెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో సీసాకు బదులు తగరపు పూత పూసిన ఇనుపడబ్బాను వాడుటకు పేటెంటు తీసికొనిరి. కొలది యేండ్లకే నావికాదళమునకు డబ్బా మాంసము చేరసాగెను. నెలల తరబడి ఉప్పుమాంసముతో గడుపు నావికునకు ఇది వరమే. అయితే డబ్బాకు తల లేదు, కాళ్ళు లేవు, వాసన లేదు. దానిలో ఏమున్నదో తెరచువఱకు తెలియదు. తెరచునప్పటికి అమ్మినవాడు సముద్రముల కావల నుండును. మిగిలినది దాని మీద అంటించిన చీటీ యొక్కటే.

ఆ చీటీని నమ్మిన బ్రిటిషు నావికాదళమునకు 1852లో గట్టి పాఠము కలిగెను. స్టీఫెన్ గోల్డ్నరు అను వర్తకుడు మాల్డేవియాలోని గలాట్జు పట్టణమున కార్ఖానా పెట్టి, కూలియు పశువులును చౌక యగుటచే తక్కువ ధరకు మాంసపు డబ్బాలు సరఫరా చేయుచుండెను. ఆ సంవత్సరము జనవరిలో గాస్పోర్టు రేవున అధికారులు మూడువందలకు పైగా డబ్బాలు తెరపించి చూడగా తినదగినవి నలువది రెండు మాత్రమే కనబడెను. కడమవి కుళ్ళియుండెను. ఒప్పందమున లేని అవయవములు కొన్నిట దొరకెను. పెద్ద డబ్బాలలో మాంసపు నడిమి భాగమునకు వేడి చేరకపోవుటయే కుళ్ళుటకు ముఖ్యకారణమని తరువాత పలువురు నిర్ణయించిరి. ఉత్తరధ్రువ సముద్రములలో మార్గము వెదుకుటకై 1845లో బయలుదేరి నూట యిరువది తొమ్మిదిమందితో అంతరించిన ఫ్రాంక్లిను నౌకలలో ఈ గోల్డ్నరు డబ్బాలే యుండినవి. వారి మరణమునకు డబ్బాలే కారణమని చెప్పుట న్యాయము కాదు. మంచు, ఆకలి, రోగము అన్నియు కలిసినవి. కాని ఆ సంగతి వెల్లడియైన పిమ్మట ఇంగ్లండులో తగరపు డబ్బా పేరు చెప్పిన చాలాకాలము జనులు ముఖము చిట్లించిరి.

అయినను ఈ కథకు అసలు రంగస్థలము షికాగో. 1865 డిసెంబరు 25వ తేదీన అక్కడ యూనియన్ స్టాక్ యార్డు తెరువబడెను. తొమ్మిది రైలుకంపెనీలు కలిసి, నగరమునకు దక్షిణముగా బురదనేలను కొని, పశువులను దింపుటకు దొడ్లు కట్టించినవి. పడమటి మైదానములలో మేసిన పశువు ఇచటికి రైలులో వచ్చి, మాంసమై తూర్పు నగరములకు పోవును. మొదట బ్రతికిన పశువులనే తూర్పునకు పంపుచుండిరి. గస్టావసు స్విఫ్టు అను వ్యాపారి 1870 దశకమున మంచుగడ్డలు నింపిన రైలుపెట్టెలను వాడుకలోనికి తెచ్చిన తరువాత కోసిన మాంసమే ప్రయాణము సాగించెను. పనియందు సైతము పెద్ద మార్పు వచ్చెను. ఒక కసాయి ఒక పశువును మొదటినుండి తుదివఱకు కోయుట పోయి, కళేబరము కొక్కెమునకు వ్రేలాడి కదలిపోవుచుండగా వరుసగా నిలుచున్న వందలాదిమందిలో ఒక్కొక్కడు ఒక్కొక్క కోత కోయుట వచ్చెను. కోసినదేదియు పారవేయరు. కొమ్ము, డెక్క, నెత్తురు, క్రొవ్వు అన్నియు ధనమే. ఇట్టి చోట తినరానిది ఏది, తినదగినది ఏది అను గీత సన్నగిల్లుట ఆశ్చర్యము కాదు.

అమెరికా ప్రభుత్వమునకు తనిఖీ ఆలోచన మొదట తన ప్రజలను తలచి కలుగలేదు. 1879 మొదలుకొని నాలుగైదేండ్లలో ఇటలీ, ఫ్రాన్సు, జర్మనీ మొదలగు దేశములు అమెరికా పందిమాంసమున ట్రికినా అను సన్నని పురుగు కలదని చెప్పి దిగుమతిని నిషేధించెను. వ్యాపారము దెబ్బతిన్నది. అందుచే 1890, 1891 సంవత్సరములలో శాసనములు చేసి, విదేశములకు పోవు పందిమాంసమును సూక్ష్మదర్శినితో పరీక్షింప నేర్పాటు చేసిరి. జర్మనుడు తిను ముక్కకు సూక్ష్మదర్శిని, స్వదేశీయుడు తిను ముక్కకు దైవమే దిక్కు!

1898లో స్పెయినుతో యుద్ధము వచ్చెను. క్యూబా ఎండలో అమెరికను సైనికులకు డబ్బా గోమాంసము పెట్టిరి. యుద్ధమున కూలినవారికన్న రోగములచే మరణించినవారు అనేక రెట్లు. జనరల్ మైల్సు ఆ మాంసము మీద తీవ్రమైన ఆరోపణలు చేసెను. శవములకు పూయు మందులు కలిపిరన్న మాట విచారణలో ఋజువు కాలేదు; విషజ్వరము, పచ్చజ్వరమే ఎక్కువమందిని కబళించెను. కాని ఆ డబ్బాలు ఉష్ణదేశమునకు తగినవి కావని తేలెను. ఆ మాంసము తినలేకపోయినవారిలో ఒక దళనాయకుడు థియొడోర్ రూజ్వెల్టు. ఆయన విచారణసంఘము ఎదుట సాక్ష్యమును ఇచ్చెను. మూడేండ్లకు దేశాధ్యక్షుడయ్యెను. కొన్ని చట్టములు పుట్టుటకు ఒకరి నాలుక కూడ కారణమగునేమో!

ఇంతలో వాషింగ్టనులో మరియొక పని జరుగుచుండెను. వ్యవసాయశాఖలో ప్రధాన రసాయనశాస్త్రజ్ఞుడగు హార్వే వైలీ 1902లో పండ్రెండుగురు యువకులను పిలిచి, కార్యాలయపు నేలమాళిగలో భోజనశాల పెట్టించెను. మూడు పూటల మంచి భోజనము, దానితోపాటు కొంచెము వెలిగారము. అప్పటి వ్యాపారులు మాంసము చెడినట్లు తెలియకుండుటకు వెలిగారమును విరివిగా వాడుచుండిరి. అది దేహమునకు ఏమి చేయునో చూచుట వైలీ ఉద్దేశము. మొదట వెన్నలో కలుపగా యువకులు వెన్నను ముట్టుట మానిరి. ఎందులో కలిపినను పసిగట్టి దానిని విడిచిరి. తుదకు గొట్టపు బిళ్ళలలో పెట్టి బహిరంగముగానే మ్రింగించిరి. క్రమముగా వారికి తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి మందగించుట కనబడెను. తరువాతి యేండ్లలో సాలిసిలిక్ ఆమ్లము, ఫార్మల్డిహైడు మొదలగువాని వంతు వచ్చెను. పత్రికలవారు ఈ యువకులకు విషదళమని పేరు పెట్టిరి. నేటి శాస్త్రప్రమాణములనుబట్టి ఇవి లోపములేని పరీక్షలు కావు. మనుష్యులపై ఇట్టి ప్రయోగమునకు ఇప్పుడు అనుమతియు దొరకదు. కాని కలిపిన మందు పేరు చీటీ మీద వ్రాయవలెను, తినువాడు తెలిసి తినవలెను అన్న వాదమునకు ఆ భోజనశాల బలము చేకూర్చెను.

1904 వేసవిలో షికాగో మాంసకార్మికులు సమ్మె చేసి ఓడిపోయిరి. ఆ శరత్కాలమున అప్టన్ సింక్లేర్ అను ఇరువది యాఱేండ్ల రచయిత అచటికి పోయి ఏడు వారములు గడపెను. మాసిన బట్టలు కట్టుకొని, చేతిలో అన్నపు క్యారియరు పట్టుకొన్నచో ఏ గదిలోనికి పోయినను ఎవరును ఆపరని ఆయన కనిపెట్టెను. తాను చూచినదానిని లిథువేనియానుండి వచ్చిన యొక కూలివాని కథగా అల్లి ‘ది జంగిల్’ అను నవలను వ్రాసెను. అది 1905లో ఒక సోషలిస్టు వారపత్రికలో వెలువడి, 1906 ఫిబ్రవరిలో గ్రంథరూపము దాల్చెను. అచ్చువేయుటకు ముందు ప్రచురణకర్తలు తమ మనుష్యులను షికాగోకు పంపి, వ్రాసినది నిజమేనా అని విచారించుకొనిరి.

ఆ నవలలోని ప్రధానవిషయము కూలివాని బ్రతుకు: తగ్గు కూలి, తెగిన వ్రేళ్ళు, అప్పుల యిల్లు, చచ్చిన బిడ్డ. మాంసపు కల్తీని గూర్చిన పుటలు తక్కువ. పాఠకులు మాత్రము ఆ కొలది పుటలనే పట్టుకొనిరి. తాను జనుల గుండెకు గురిపెట్టగా దెబ్బ వారి కడుపునకు తగిలినదని సింక్లేరే తరువాత విచారముతో చెప్పుకొనెను.

రూజ్వెల్టునకు సింక్లేరు రాజకీయములు రుచింపలేదు. అయినను నిజము తేల్చుకొనుటకై కార్మికశాఖాధికారి యగు చార్లెసు నీలును, సంఘసేవకుడగు జేమ్సు రేనాల్డ్సును షికాగోకు పంపెను. వారు చూచినవి నవలకు తీసిపోవు. కోసి కడిగిన పంది యొకటి కొక్కెమునుండి జారి, మురికినేలపై పడి, పనివారి మరుగుదొడ్డిలోనికి సగము దూసికొనిపోయెను. ఇద్దరు కూలీలు దానిని తీసి, కడుగకయే, చల్లనిగదిలో తక్కినవానితో పాటు తగిలించిరి. ఒకచోట వందల పౌనుల ఎండిన మాంసపు తునకల కుప్పలో పందితోలును త్రాటిపీచును కనబడగా, ఇది దేనికని అడిగిరి. డబ్బాలో పెట్టు పందితొడ మాంసమునకని అక్కడి మేస్త్రీ దాపరికము లేక చెప్పెను. క్షయరోగులగు పనివారు ఉమ్మిన నేలమీదనే మాంసమును పారతో ఎత్తుచుండిరి. చేతులు కడుగుకొనుటకు నీటితొట్టి చాలచోట్ల లేదు.

ఆ నివేదికలో మాకు మిక్కిలి ముఖ్యమని తోచునది చీటీని గూర్చిన భాగము. డబ్బాలమీద, ఇందలి పదార్థము 1891 శాసనము ప్రకారము పరీక్షింపబడినది అను అర్థమిచ్చు ప్రకటన అచ్చువేయబడుచుండెను. నిజమునకు ప్రభుత్వ తనిఖీదారు చూచునది వధించు సమయమున కళేబరమును మాత్రమే. దానిని ముక్కలు చేయుట, నేలమీద వేయుట, పాతతునకలతో కలుపుట, ఉడికించుట, డబ్బాలో కూరుట, ఇవి అతని అధికారమునకు లోబడినవి కావు. అనగా చీటీలో ప్రతి పదమును ఏదో యొక విధమున సమర్థింపవచ్చును. మొత్తము మీద అది అబద్ధము. పచ్చి అబద్ధముకన్న ఇట్టి సగము నిజమే వ్యాపారమున ఎక్కువ కాలము బ్రతుకును. ప్రభుత్వము పేరు దానికి అండగా నిలిచినచో ఇక చెప్పవలసినదేమి? కంచెయే చేను మేసినట్లు.

ఇండియానా రాష్ట్రపు సెనేటరు ఆల్బర్టు బెవరిడ్జి తనిఖీశాసనమును ప్రతిపాదింపగా సెనేటు 1906 మే 25వ తేదీన చర్చ లేకయే ఆమోదించెను. ప్రతినిధిసభలో వ్యవసాయసంఘాధ్యక్షుడగు వాడ్స్‌వర్తు అడ్డుపడెను. రూజ్వెల్టు నీల్, రేనాల్డ్సుల నివేదికను అంతవఱకు బయటపెట్టక చేతిలో ఉంచుకొనియుండెను. బిల్లు నడచినచో దీనిని ప్రకటింపను అని ఆయన సూచన. బిల్లు నడవలేదు. జూన్ 4వ తేదీన నివేదికను సభకు పంపెను. ఆ తరువాత ఎవరికిని ఎదిరించుటకు ధైర్యము చాలలేదు. మాంసతనిఖీ శాసనమును, శుద్ధాహార ఔషధ శాసనమును ఒకే దినమున, 1906 జూన్ 30న, అధ్యక్షుని సంతకమును పొందెను.

ఇందు గెలిచినవారెవరు? రాష్ట్రము దాటి పోవు మాంసమంతయు వధకు ముందు, వధ తరువాత పరీక్షింపబడవలెనని నిర్ణయమయ్యెను. మాంసము ఉడుకు గదులలోనికి తనిఖీదారు రాత్రి గాని పగలు గాని పోవచ్చును. మోసపుచ్చు పేరు పెట్టరాదు. ఇది చిన్న విజయము కాదు. అయితే బెవరిడ్జి కోరినవి రెండు పోయినవి. తనిఖీ వ్యయమును కంపెనీలు భరింపవలెనని ఆయన వ్రాయగా, సంవత్సరమునకు ముప్పది లక్షల డాలర్లు ప్రజాధనమునుండి ఇచ్చునట్లు మార్చిరి. డబ్బామీద తయారైన తేదీ వేయవలెనని ఆయన వ్రాయగా, దానిని కొట్టివేసిరి. రెండేండ్ల క్రిందటి డబ్బాను నిన్నటిదానివలె అమ్ముకొను అవకాశము అట్లే నిలిచెను. పెద్ద కంపెనీలు మొదట గోల చేసినను, ప్రజాధనముతో లభించిన ప్రభుత్వముద్రను తుదకు తమ సరుకునకు మంచి ప్రకటనగా వాడుకొనినవి. కూలివానికి ఏమియు దొరకలేదు. తెగిన వ్రేలు డబ్బాలో పడరాదని శాసనము చెప్పెను గాని, వ్రేలు తెగరాదని చెప్పలేదు.

ఒక్క రాష్ట్రములోనే చంపి ఆ రాష్ట్రములోనే అమ్ము మాంసమునకు ఈ శాసనము వర్తింపలేదు. ఈ లోపమును సవరించుటకు అఱువది యొక్క సంవత్సరములు పట్టెను. 1967 డిసెంబరు 15న అధ్యక్షుడు జాన్సను కొత్త శాసనముపై సంతకము చేయునప్పుడు, చక్రముల కుర్చీలో కూర్చుండి చూచినవారిలో ఎనుబది తొమ్మిదేండ్ల అప్టన్ సింక్లేరు కలడు. మరుసటి సంవత్సరము ఆయన మరణించెను. 1971లో షికాగో దొడ్లు మూతపడినవి.

తనిఖీదారునికి ఆయుధములు కన్ను, ముక్కు, చేయి. కుళ్ళును ముక్కు పట్టును, పుండును కన్ను పట్టును. 1993లో అమెరికా పడమటి రాష్ట్రములలో సగము ఉడికిన గోమాంసపు వడలవంటి హాంబర్గర్లు తిని ఏడువందలమందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. కారణము ఈ.కోలీ అను సూక్ష్మజీవిలో ఒక తెగ. ఆ మాంసము మీద ప్రభుత్వముద్ర యుండెను. ముద్ర అబద్ధము కాదు; కన్నునకు కనబడనిదానిని కన్ను చూడలేదు, అంతే. మరుసటి యేట ఆ సూక్ష్మజీవిగల నూరిన గోమాంసమును కల్తీసరుకుగా ప్రకటించిరి. 1996లో, తయారీలో అపాయము కలుగు ప్రతి మెట్టును ముందుగా గుర్తించి అచటనే కాపుపెట్టు పద్ధతిని కార్ఖానాలకు విధించిరి. ఈ పద్ధతి 1960 దశకమున అంతరిక్షయాత్రికుల భోజనము కొఱకు ఏర్పడినది. ఆకాశమున కడుపు చెడినచో వైద్యుడు దొరకడు గదా!

భద్రత యొకటి, సత్యము వేరొకటి. 2013 జనవరిలో ఐర్లండు ఆహారభద్రతాసంస్థ అంగళ్ళలోని గోమాంసపు బర్గర్లు ఇరువది యేడింటిని పరీక్షింపగా పదింటిలో గుఱ్ఱపు జాడయు, ఇరువది మూడింటిలో పంది జాడయు కనబడెను. ఒకదానిలో గుఱ్ఱపు భాగము నూటికి ఇరువది తొమ్మిది వంతులు. తరువాతి నెలలో కొన్ని డబ్బా వంటకములలో గోమాంసమే కనబడలేదు. రుమేనియాలో గుఱ్ఱపు మాంసమని సక్రమముగా పేరు వ్రాసి పంపిన సరుకు, దేశములు దాటి చేతులు మారుచు, దారిలో గోమాంసమైపోయెను. అందు పాలుగొన్న వర్తకులకు 2019లో పారిసు న్యాయస్థానము శిక్ష విధించెను. గుఱ్ఱపు మాంసము తిని ఎవరును జబ్బుపడినట్లు లేదు. అయినను జనులకు వచ్చిన కోపము న్యాయమైనదే. ఏ మాంసము తినవలెను, ఏది తినరాదు అనునది కొందరికి రుచి, కొందరికి మతము, కొందరికి మనసు. ఆ నిర్ణయమును వారి చేతిలోనుండి లాగుకొనుట చిన్న దొంగతనము కాదు.

సగము నిజముల చీటీలును పోలేదు. మాంసము ఎఱ్ఱగా నిలుచుటకును, విషక్రిములు పెరుగకుండుటకును పూర్వము సురేకారమును, తరువాత నైట్రైటును వాడిరి. అధికముగా తినినచో కీడని ప్రజలు వినుచుండుటచే, అమెరికాలో కొందరు సెలెరీ అను ఆకుకూర పొడిని వాడి, నైట్రైటు కలుపలేదని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. ఆ పొడిలో సహజముగా ఉండునది తప్ప అని చిన్న అక్షరములతో చేర్చుదురు. రసాయనమొకటే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మన దేశమున 1954లో ఆహారకల్తీ నిరోధక శాసనమును, 1973లో మాంసాహారపదార్థముల ఉత్తరువును వచ్చినవి. 2006 నాటి ఆహారభద్రత, ప్రమాణముల శాసనము వాని స్థానమును ఆక్రమించెను. హైదరాబాదు శివారు చెంగిచెర్లలో మాంసపరిశోధన కొఱకు జాతీయకేంద్రము కలదు. తలయు తోలును లేని ముక్క యేదైనను, ఉడికినదైనను, దాని కణములలోని డి.ఎన్.ఏ.ను బట్టి ఏ జంతువుదో అచటివారు చెప్పగలరు. మాంసము గల పొట్లముమీద గోధుమరంగు చుక్క వేయవలెనను నియమము 2001లో వచ్చెను. శాకాహారమునకు ఆకుపచ్చ చుక్క. రంగుల భేదము కనిపెట్టలేనివారికి ఈ రెండు చుక్కలును ఒక్కటిగానే తోచును. అందుచేత 2020 నాటి నిబంధనలలో మాంసాహారపు చుక్కను త్రికోణముగా మార్చిరి. లోపల మాంసము కలదని మాత్రమే ఆ త్రికోణము చెప్పును. అది ఏ మాంసమో, ఎన్నడు కోసినదో, ఏ మందు కలిపిరో తెలియవలెనన్నచో పొట్లమును వెనుకకు త్రిప్పి, కళ్ళద్దములు సవరించుకొని, సన్నని అక్షరములు చదువవలసినదే.